థీసిస్ మీద ఎన్ని పేర్లుండాలి?

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ షాపుంది. పీజీలు చేసే డాక్టర్లకి పెద్ద దిక్కు. మార్జిన్ ఎంత వదలాలో, ఏ పేజీలో గైడు సంతకం రావాలో, నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలు ఏ సైజులో కొట్టాలో ఆ షాపాయనకి కంఠతా వచ్చు. నా ఎండీ థీసిస్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చిన రోజు ఆయన ఫైలంతా తిప్పి చూసి, "మేడమ్, రివ్యూ ఆఫ్ లిటరేచర్ పల్చగా ఉంది. ఇదే టాపిక్ మీద మూడేళ్ల కిందటిది నా దగ్గరుంది. అటూ ఇటూ మార్చి కలిపేదా?" అన్నాడు. టీలో ఇంకో చెంచా పంచదార వెయ్యమంటారా అన్నట్టు, ఎంతో మర్యాదగా.

వద్దన్నాను. గొప్పకి చెప్పుకోవట్లేదు. ఆ పాత థీసిస్ కూడా నాదానికంటే మెరుగ్గా ఏమీ ఉండదని తెలిసే వద్దన్నాను. వంద మంది రోగులు, ఒక ప్రశ్నాపత్రం, మొత్తం మీద రెండుసార్లు కలిసిన స్టాటిస్టిక్స్ సారు వేసిచ్చిన కై స్క్వేర్ పట్టికలు. అయిదు కాపీలు బైండు చేయించాను. ఒకటి లైబ్రరీ బీరువాలో ఉంది. దాన్ని మళ్లీ తెరిచినవాళ్లు లేరు, నాతో సహా.

పరిశోధన అంటే నాకు కాస్తో కూస్తో తెలిసింది ఆ అట్టల మధ్య కాదు, జిల్లా రెసిడెన్సీ మూడు నెలల్లో. ఈ పద్ధతి 2020లో వచ్చింది, 2023 నాటి పీజీ నిబంధనల్లోనూ ఉంది. ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి ఒక్కరూ మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఎప్పుడో ఒకప్పుడు మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేసి రావాలి. ఎక్కువమంది దీన్ని సగం సెలవు అనుకుంటారు. పంపిన చోట సూపరింటెండెంట్లు డ్యూటీ డాక్టర్ల కొరత తీరుతుందని సంతోషిస్తారు. ఇద్దరి లెక్కా తప్పనను. కానీ ఆ మూడు నెలల్లో ఇంకొకటి చేయొచ్చని నేను చూశాను కాబట్టి వాదిస్తున్నాను: పీజీలకి విడివిడిగా తలా ఒక థీసిస్ అంటగట్టడం మాని, నలుగురైదుగురిని కలిపి ఒక నిజమైన అధ్యయనంలో పెట్టండి. పేరు వేస్తే అందరిదీ వేయండి.

పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది కదా అంటారు. ఉంది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ తయారుచేసింది, పీజీలందరూ పాసవ్వాల్సిందే. మంచి కోర్సే. నేను మాత్రం రెండింతల వేగంలో పెట్టి, కూరగాయలు తరుక్కుంటూ విన్నాను. పరీక్ష రోజున కన్ఫౌండింగ్ అంటే నిర్వచనం గడగడా చెప్పేదాన్ని. వారం తిరిగేసరికి గాలికి పోయింది. అది మళ్లీ దొరికింది కనిగిరి వైపు ఒక ఊళ్లో, అరుగు మీద పెట్టిన రూపాయి బిళ్ళ దగ్గర.

మేం నలుగురం. కమ్యూనిటీ మెడిసిన్ నుంచి నేను, జనరల్ మెడిసిన్ నుంచి ఒకతను, బయోకెమిస్ట్రీ, రేడియాలజీ నుంచి ఒక్కొక్కరు. మామూలుగా అయితే నాలుగు చోట్ల నలుగురం ఓపీ చూసుకునేవాళ్లం. మా ప్రొఫెసర్ ఒకాయన పట్టుబట్టి, ఒకే ఏరియా ఆసుపత్రికి వేయించి, ఒకే పని అప్పజెప్పాడు. చుట్టుపక్కల ఊళ్లలో క్యాన్ నీళ్లు వచ్చాక మనుషుల ఒంట్లోకి పోయే ఫ్లోరైడు నిజంగా తగ్గిందా లేదా చూడమన్నాడు. ఊరూరా మినరల్ వాటర్ ప్లాంటు ఉంది, ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను వస్తోంది. తగ్గకుండా ఎట్టా ఉంటుంది అనుకుంటూనే బయల్దేరాం.

ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, కీళ్లు, పళ్లు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. దానికి ఫీల్డులో చేసే పరీక్షలు చాలా తేలిక. ఖర్చు రూపాయి, అదీ తిరిగొచ్చేస్తుంది. నేల మీద బిళ్ళ పెట్టి మోకాళ్లు వంచకుండా తియ్యమనాలి. గడ్డం ఛాతీకి ఆనించమనాలి. చేతులు పైకెత్తి తల వెనక్కి పెట్టమనాలి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ కార్యక్రమాన్ని మొదట అయిదు జిల్లాల్లో మొదలుపెడితే, వాటిలో నెల్లూరు ఒకటి. అంటే ఈ బిళ్ళ మనకేం కొత్త కాదు.

మొదటి రోజు ఒక పెద్దాయన సగం దాకా వంగి ఆగిపోయాడు. చెయ్యి గాల్లోనే ఉంది. పందిట్లోంచి ఆయన భార్య అందుకుంది: "ఆయన రూపాయికి వంగే మనిషి కాదులేమ్మా, అయిదొందల నోటు పెట్టి చూడు." అందరం నవ్వాం, ఆయన కూడా. నేను పాజిటివ్ అని టిక్కు పెట్టుకున్నాను. సాయంత్రానికి లెక్క చూస్తే అరవై దాటినవాళ్లలో దాదాపు అందరికీ టిక్కులే. నాకు ఒళ్లు పులకరించింది, ఇంత స్పష్టంగా కనపడుతుంటే ఇంకేం కావాలి అని. జీపులో కూర్చున్నాక జనరల్ మెడిసిన్ అతను నెమ్మదిగా అన్నాడు, "మా నాయన కూడా తియ్యలేడు. పుట్టినకాడ్నుంచీ పెన్న నీళ్లే తాగాడు."

అంతే. తరుగుతున్న బెండకాయల మధ్యలోంచి కన్ఫౌండింగ్ అన్న ఆ మాట లేచి వచ్చింది. వయసు, పొలంపని, మోకాళ్ల అరుగుదల, ఇవన్నీ ఫ్లోరైడు వేషం వేసుకుని నా టిక్కుల్లో కూర్చున్నాయి. మర్నాడు ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, సాగర్ నీళ్లు వచ్చే ఊరొకటి కూడా కావాలన్నాం. "ఆ మాట మీరెప్పుడు అడుగుతారా అని చూస్తున్నా" అన్నాడాయన. ప్రోటోకాల్లో, అంటే అధ్యయనం ఎలా చెయ్యాలో ముందే రాసుకున్న ప్రణాళికలో, రెండో ఊరు ముందే ఉంది. మేం నలుగురం సంతకం పెట్టిన కాగితమే అది. ఎవరమూ చదవలేదు.

రేడియాలజీ అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుంటే అది ఫ్లోరోసిస్ గుర్తు, ఎక్స్‌రేలో కనపడుతుంది. "ఫిల్మ్ మీద ఊరి పేరు రాయబాకండి. పేరు కనపడితే నా కంటికి సున్నం కూడా కనపడుద్ది" అంది. బ్లైండింగ్ గురించి, అంటే చూసేవాళ్లకి ఏది ఎవరిదో తెలియకుండా ఉంచడం గురించి, నేను విన్న నిర్వచనాలన్నిటిలోకీ ఇదే నాకు బాగా గుర్తుంది.

ఇక్కడ ఒక పాత బాకీ తీర్చుకోవాలి. 2021 మే నెలలో నేను నెల్లూరులో హౌస్ సర్జన్ని. కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇస్తున్న మందుకోసం ముత్తుకూరు దారి పొడవునా జనం. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. మా పెదనాన్న తెచ్చుకుని డబ్బా నా ముందు పెట్టి, "నువ్వు డాక్టరువి గదా, ఇది పనిచేస్తదా చెయ్యదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. నా దగ్గర ఒక్క మాట లేదు. మా వార్డులో సీనియర్ల దగ్గరా లేదు. సగం మంది మహత్తు అన్నారు, సగం మంది మూఢనమ్మకం అన్నారు, రెండు పక్షాలకీ ఆధారం వాట్సాప్ వీడియోలే. తర్వాత మందు వాడినవాళ్లలో ఐదొందల మంది దాకా మనుషులకి ఫోన్లు చేసి వివరాలు రాబట్టమని విజయవాడ, తిరుపతి ఆయుర్వేద సంస్థల వాళ్లకి పని అప్పజెప్పారు. వాడినవాళ్లని అడగడం సరే, వాడనివాళ్లు ఏమయ్యారు? ఆ వయసు వాళ్లకి, అంతే జబ్బున్న వాళ్లకి, ఏ మందూ వేసుకోకపోతే ఎంతమందికి తగ్గేది? అది తెలియకుండా పనిచేసిందనీ అనలేం, చెయ్యలేదనీ అనలేం. పెదనాన్న అడిగిన దానికి ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబు "ఎవరితో పోల్చి?" అని. అది నాకు తట్టడానికి మూడేళ్లు, ఒక రూపాయి పట్టింది.

అలాంటి రోజుల్లో ఒక జిల్లాలో పదిమంది పీజీలు కలిసి పనిచెయ్యడం అలవాటై ఉంటే, ముత్తుకూరు దారిలోనే ఒక బల్ల వేసి, పేర్లు, వయసులు, ఆక్సిజన్ రీడింగులు రాసుకుని పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ పలకరించేవాళ్లు. మా దగ్గర థీసిస్‌లున్న పీజీలు ఉన్నారు, టీము లేదు.

సరే, నీళ్ల సంగతికొస్తాను. మా ప్రశ్నాపత్రంలో ఏడో ప్రశ్న: "మీ ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?" నేనే రాశాను, చాలా శ్రద్ధగా, మూడు ఆప్షన్లతో. మాతో తిరిగిన ఆశా కార్యకర్త మొదటి నాలుగిళ్లు ఓపిక పట్టి, అయిదో ఇంటి గడపలో నన్ను పక్కకి పిలిచింది.

"ఆ ప్రశ్న అట్టా అడిగితే అందరూ క్యాన్ నీళ్లే అంటారు మేడమ్. కొత్తగా వచ్చినోళ్ల ముందర బోరు నీళ్లు తాగతన్నామని ఎవురు చెప్తారు?"

"మరి ఎట్టా అడగాలి?"

"అడగబాకండి. వంటింట్లోకి రండి."

లోపల స్టూలు మీద నీలం రంగు క్యాను, దానికి చిన్న కొళాయి. పక్కనే నేల మీద వరసగా మూడు స్టీలు బిందెలు. బిందెల్లో బోరు నీళ్లు. ఆ ఇంటావిడ ఆశాతో కబుర్లాడుతూనే సోలెడు బియ్యం కడిగి, బిందెలోంచి ఎసరు పోసింది. పప్పుకి మాత్రం క్యాను కొళాయి తిప్పింది. ఎందుకని అడిగితే, "బోరు నీళ్లకి పప్పు ఉడికి చావదమ్మా" అంది. టీకి బిందె నీళ్లు. పొలానికి పోయేటప్పుడు నింపుకునే రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాకి పొలంలో బోరు. అన్నం నీళ్లన్నీ పీల్చుకుంటుంది కదా, ఎసట్లో ఉన్న ఫ్లోరైడు కంచంలోకి వస్తుంది. కాచినా పోయేది కాదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని ప్రమాణం. ఆ లెక్క తాగే గ్లాసుకి వేసుకుని మేం సంతోషంగా ఇంటికి పోయేవాళ్లం, ఆశా గనక గడపలో ఆపకపోతే.

ఏడో ప్రశ్న ఆ రాత్రి అయిదు ప్రశ్నలైంది. అన్నం, పప్పు, టీ, పొలం సీసా, గ్లాసు. ఒక్కో దానికి ఏ నీళ్లో, ఎన్ని గిన్నెలో. ప్రశ్నాపత్రాన్ని వాలిడేట్ చెయ్యడం మీద, అంటే మనకి కావాల్సిందే అది రాబడుతోందా అని సరిచూడడం మీద, కోర్సులో ఒక పాఠం ఉంది. నాకు ఆ పాఠం చెప్పింది పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

తప్పులు ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. మొదటి రోజు మూత్రం శాంపిళ్లు ఆసుపత్రిలో దొరికిన గాజు సీసాల్లో పట్టించాం. బయోకెమిస్ట్రీ అతను చూసి తల పట్టుకున్నాడు. ఫ్లోరైడు శాంపిలు ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి, గాజుతో దానికి పడదు. అన్నీ పారబోసి, మర్నాడు అవే గడపలు మళ్లీ ఎక్కాం. రెండోసారి అడగడం ఎంత సిగ్గో రాసి చెప్పలేను. బడిలో గార పళ్లు చూసేటప్పుడు ఒకే పిల్లాడికి నేను ఒక గ్రేడు, జనరల్ మెడిసిన్ అతను ఇంకో గ్రేడు రాశాం. గార పళ్లకి గ్రేడు వేసే డీన్ సూచిక ప్రకారం బాగా దెబ్బతిన్న రెండు పళ్లు చూడాలి, ఆ రెంటికీ తేడా ఉంటే తక్కువ గ్రేడు రాయాలి. నేను ఎక్కువది రాస్తున్నాను, రోజంతా. స్టాటిస్టిక్స్ సారు, అదే రెండుసార్లు కలిసినాయన, ఈసారి వారానికోసారి వచ్చేవాడు. "ముందు మీ ఇద్దరికీ ఒకే కళ్లు రానీండి, తర్వాత పిల్లల పళ్లు చూద్దురుగాని" అన్నాడు. రెండు రోజులు సెల్‌ఫోన్‌లో ఫోటోలు పెట్టుకుని విడివిడిగా గ్రేడులు వేసి పోల్చుకుంటూ కూర్చున్నాం. ఒక్కదాన్నే చేసుకునే థీసిస్‌లో ఈ తప్పు బయటపడేదే కాదు. నా కళ్లతో నేనే రెండుసార్లు చూసుకుని, ఎంత చక్కగా సరిపోయిందో అని పొంగిపోయేదాన్ని.

సమ్మతి పత్రం దగ్గర మాత్రం ఆగాలి. చదవడం రానివాళ్లకి అంతా చదివి వినిపించి, ఏ పక్షానికీ చెందని సాక్షి ఒకరు మొదట్నుంచీ చివరిదాకా అక్కడే ఉండి సంతకం పెట్టాలి. ఒక అవ్వ అంతా శ్రద్ధగా వింది. రక్తం ఇస్తానంది, ఎక్స్‌రేకి వస్తానంది. ఇంకు ప్యాడు చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. "వేలిముద్ర ఏసినందుకే మా ఎకరన్నర పోయిందమ్మాయ్. అప్పుడు కూడా ఇట్టనే మంచిగా చదివి చెప్పినారు." నేను గైడ్‌లైన్ భాషలో ఏదో చెప్పబోయాను. ఆశా నా మోచెయ్యి నొక్కి ఆపింది. అవ్వని వదిలేసి వచ్చేశాం. మూడో రోజు మనవడిని వెంటబెట్టుకుని అవ్వే వచ్చింది. వాడి చేత మళ్లీ మొత్తం చదివించుకుని, అప్పుడు వేసింది ముద్ర.

ఈ కథ ఇక్కడితో ఆపితే అందంగా ఉండేది. కానీ అప్పటికి మేం తీసుకున్న పత్రాల్లో పదిహేడింటికి సాక్షి సంతకం ఆశాది. ఆమె మా టీములో మనిషి. ఏ పక్షానికీ చెందని సాక్షి ఎట్టా అవుతుంది? ఎథిక్స్ కమిటీ వాళ్లు చూడకముందే ప్రొఫెసర్ పట్టుకున్నాడు. ఆ పదిహేడూ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. నాకు అప్పుడు అతి అనిపించింది. అయితే ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం చేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి, అది పార్లమెంటు స్థాయీ సంఘం దాకా పోయిన సంగతి ప్రొఫెసర్ గుర్తుచేశాడు. వార్డెన్లు చెడ్డవాళ్లని కాదు. పని తొందరగా అవుతుందని పెట్టి ఉంటారు, మేం ఆశా చేత పెట్టించినట్టే.

పేర్ల మాట మొదట్లో ఎత్తాను కదా. ఇప్పుడు 1937కి పోదాం. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి పరిశోధనా పత్రాల్లో ఒకటి మన నేల గురించే, అప్పటి నెల్లూరు జిల్లా గురించి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు. ఇండియన్ మెడికల్ గెజిట్‌లో అచ్చయిన ఆ పత్రం మీద మూడు పేర్లున్నాయి: షార్ట్, పండిట్, రాఘవాచారి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. షార్ట్ పరాన్నజీవుల మనిషి. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో తేల్చినవాళ్లలో ఒకడు. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి తొలి డైరెక్టరయ్యాడు. రాఘవాచారి నీళ్ల పరీక్షల నిపుణుడు. ముగ్గురివీ మూడు దారులు. ఎవరు ఒక్కరే వచ్చినా కొంకర్లు పోయిన నడుములు ఒకరికి, బావి నీళ్లు ఇంకొకరికి మిగిలేవేమో, రెంటినీ కలిపేవాళ్లు ఉండేవాళ్లు కాదు. అంతకు ముందే రైతులు తమ ఎడ్ల కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ రైతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లు మా కాలేజీలోనే ఉన్నారు. ఒక సర్జరీ ఫ్రెండు అంటుంది, "పీజీకొచ్చింది చెయ్యి తిరగడానికి. నీ బిళ్ళలు, బిందెలు నాకెందుకు?" ఆమెకి పూర్తిగా సమాధానం చెప్పలేను. రాత్రి రెండింటికి పేగు చిల్లు పడినవాడు వస్తే, ఆ చెయ్యే కావాలి. కాకపోతే ఆ చెయ్యి ఇప్పుడు కూడా థీసిస్ రాస్తోంది కదా, అదీ డీటీపీ షాపులో. ఎలాగూ పోయే సమయాన్ని పనికొచ్చే చోట పెట్టమంటున్నాను.

రెండో అభ్యంతరం గట్టిది. నలుగురు కలిస్తే ఇద్దరు చేస్తారు, ఇద్దరు ఫోటోలో నిలబడతారు. నిజమే, మా నలుగురిలోనూ ఒకరు మూడో వారంలో పెళ్లి పేరు చెప్పి పది రోజులు మాయమయ్యారు, ఎవరో చెప్పను. మందు దీనికీ ఉంది. ఒకే అధ్యయనంలో నాలుగు ప్రశ్నలు వేరు చెయ్యండి. నీళ్లది నాది, ఎక్స్‌రేలది ఆ అమ్మాయిది, మూత్రంలో ఫ్లోరైడుది బయోకెమిస్ట్రీ అతనిది, కీళ్లది నాలుగో అతనిది. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎవరి అధ్యాయం మీద వాళ్లని నిలదియ్యండి, పక్కవాళ్ల అధ్యాయంలోంచి కూడా రెండు ప్రశ్నలు వెయ్యండి. పత్రికల్లో వ్యాసం మీద పేరు పెట్టాలంటే పనిలో పాలుండాలి, రాతలో పాలుండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబు చెప్పాలి అని ప్రపంచమంతా నియమం పెట్టుకుంది. ఆ నియమం మా కాలేజీ గేటు లోపలికి వస్తే చాలు.

ఇంతకీ ఫ్లోరైడు తగ్గిందా అని అడుగుతారేమో. మా అంకెలు చిన్నవి, ఊళ్లు రెండే. లెక్క ఇంకా సరిచూస్తున్నాం. అచ్చు కాకుండా ఇక్కడ రాయను. మా దగ్గర అన్నిటికంటే పెద్ద లోటు అదే, మూడు నెలలు చాలవు. మేం వచ్చేసరికి కంది పీకేశారు, మళ్లీ ఎండలు ముదిరితే నీళ్లు తాగడం బాగా పెరుగుతుంది, ఆ కాలం లెక్క మా దగ్గర లేదు. తర్వాతి బ్యాచ్ వాళ్లు వెళ్లి అవే గడపల్లో కొలవాలి. వాళ్లకోసం ప్లాస్టిక్ డబ్బాలు రెండు అట్టపెట్టెలు, ఏడో ప్రశ్న కొత్త రూపం, గార పళ్ల ఫోటోలు సర్ది వచ్చాను.

ఆశా ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. అవ్వ అన్నానికి కూడా క్యాన్ నీళ్లే పోస్తోందట, "నెలకి క్యాన్ల ఖర్చు ఎవురిస్తారో కనుక్కోమంది మేడమ్" అని చెప్పింది. ఆ మూడు నెలలు మాతో తిరిగినందుకు ఆశాకి వచ్చిన అదనపు రూపాయి ఏమీ లేదు. రాసుకున్న ముసాయిదాలో ఆమె చివర, కృతజ్ఞతల్లో ఉంది.

ఉమ్మడి థీసిస్‌కి అనుమతి కోరుతూ ప్రొఫెసర్ పెట్టిన ఫైలు ఎనిమిది నెలలుగా అకడమిక్ సెక్షన్లో ఉంది. పోయిన వారం వెళ్లి అడిగితే అక్కడి గుమాస్తా పాపం ఫారం తీసి చూపించాడు. "మాదేం లేదు మేడమ్, ఇక్కడ చూడండి. అభ్యర్థి పేరు అని ఒక్క గీతే ఉంది. నాలుగు పేర్లు యాడ రాయమంటారు?"

అయిదో పేరు సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.